పట్నంలో మన జాడలు – 7: హాస్టల్ గేటు బయట అమ్మా నాయినలు



ఈ భాగంలో ఆది హిందూ ఉద్యమ పత్రికల గురించి రాస్తానని మాట ఇచ్చాను. దాన్ని వచ్చే భాగానికి జరుపుతున్నాను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట టీ బండి దగ్గర, గ్రూప్-2కు చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న దానికి కారణం.

"సార్, వాళ్లకు రెడ్డి హాస్టల్ ఉంది. ఇంకెవరెవరికో కూడ ఉన్నయి. మనకెందుకు లేదు?"

ఊరికే అడగలేదు. అంతకు ముందు వారం పాలమూరు వైపు ఊరి నుంచి వాళ్ల నాయిన వచ్చాడు. బియ్యం సంచి, కందిపప్పు, ఇంట్లో దంచిన కారం, మామిడికాయ తొక్కు మోసుకొచ్చాడు. అశోక్ నగర్‌లో నలుగురు కలిసి ఉండే గది. చీకటి పడ్డాక ఇంటి ఓనర్ పైకి వచ్చి, బయటివాళ్లు రాత్రి ఉండకూడదని ముందే చెప్పాను కదా అన్నాడు. నాయిన వాదించలేదు. "మనోళ్లు అంబర్‌పేటల ఉన్నరు, ఆడ పండుకుంట" అని చెప్పి మెట్లు దిగాడు. అంబర్‌పేటలో వాళ్లకు ఎవరూ లేరు. కాచిగూడ స్టేషన్‌లో పడుకుని పొద్దున్నే రైలెక్కాడు. కొడుక్కి ఈ సంగతి తర్వాత వాళ్లమ్మ ఫోన్లో చెప్తే తెలిసింది.

టీ బండి దగ్గర నేను ఏదో జవాబు చెప్పాను. అది సరిపోలేదని నాకే తెలుసు. అందుకే ఇది రాస్తున్నా.

ముందు రెడ్డి హాస్టల్ సంగతి. నారాయణగూడ చౌరస్తాలో విగ్రహం చూశారు కదా, రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. 1920లో హైదరాబాద్ కొత్వాల్ అయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి హిందువు అంటారు. హాస్టల్ అంతకన్నా రెండేళ్ల ముందుది, 1918. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన ఏడాది కూడా అదే. ఈ రెండూ ఒకే ఏడాది రావడాన్ని గమనించండి. జిల్లాల్లో హైస్కూళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పై చదువు కావాలంటే పట్నం రావాలి. పట్నంలో తెలిసినవాళ్లు లేకపోతే పిల్లవాడు ఎక్కడ తింటాడు, ఎక్కడ పడుకుంటాడు? ఆ తండ్రుల భయానికి జవాబుగా హాస్టల్ పుట్టింది. సంస్థానాల వాళ్లు, దేశముఖులు, పటేళ్లు చందాలు ఇచ్చారు.

ఆ హాస్టల్ తిండి పెట్టి పడుకోబెట్టడంతో ఆగలేదు. సురవరం ప్రతాపరెడ్డి గారు చాలా ఏళ్లు దాని బాధ్యతలు చూశారు. మంచి గ్రంథాలయం పెంచారు. తెలుగు ఎం.ఏ. చదివిన ప్రతివాళ్లూ ఆయన్ను ‘గోలకొండ’ పత్రిక సంపాదకుడిగా, 1934 నాటి ‘గోలకొండ కవుల సంచిక’ కర్తగా చదువుకుంటారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో జవాబిచ్చిన మనిషిగా పరీక్షల్లో రాస్తారు. హాస్టల్ నడిపిన మనిషిగా ఆయన్ను మా సిలబస్ చూడదు. నాకైతే ఆ రెండు పనులూ ఒకటే అనిపిస్తాయి. చెదిరి ఉన్న పేర్లను ఒక పుస్తకంలో చేర్చడం, చెదిరి ఉన్న ఊళ్ల పిల్లలను ఒక కప్పు కింద చేర్చడం. రావి నారాయణరెడ్డి ఆ హాస్టల్‌లో ఉండి చదువుకున్నవాడే. దొరల బిడ్డల కోసం కట్టిన ఇంట్లో దొరల మీద తిరగబడ్డ నాయకుడు పెరిగాడు. పదిమంది కుర్రాళ్లు ఒకచోట పడుకుని రాత్రి దీపం ఆర్పాక మాట్లాడుకుంటే ఏం జరుగుతుందో కట్టినవాళ్లు కూడా ఊహించలేరు.

ఆ తర్వాత ఈ చుట్టుపక్కలే ఎన్ని వచ్చాయో చూడండి. కాచిగూడలో వైశ్య హాస్టల్, మున్నూరుకాపు హాస్టల్. హిమాయత్‌నగర్‌లో గౌడ హాస్టల్. నారాయణగూడలో పద్మశాలీ భవన్. తెలంగాణ ఉద్యమ కాలంలో మీటింగులకు వీటిలో ఏదో ఒకదానికి పోనివాళ్లు మనలో తక్కువ. ఒక్కో కులం తన పిల్లల కోసం పట్నంలో ఒక పెద్దింటిని కట్టుకుంది. కట్టుకోవడం తప్పని నేను అనడం లేదు. మనం కూడా కట్టుకోవాల్సిందే. నేనడిగేది ఆ మొదటి హాస్టల్ చందా గురించి.

దేశముఖు జేబులోకి ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? 1918లో తెలంగాణ పల్లెల్లో వెట్టి నడుస్తోంది. మాల ఇంటి నుంచి ఒక మనిషి, మాదిగ ఇంటి నుంచి ఒక మనిషి దొర గడీకి పోవాలి. కబురు మోయాలి, కట్టెలు కొట్టాలి, చెప్పులు కుట్టివ్వాలి, మోటకు తోలు ఇవ్వాలి. కూలి లేదు. ఆ పొలాల పంట పట్నంలో హాస్టల్‌కు చందా అయింది. మా తాతల తాతలు కూడా ఆ హాస్టల్ కట్టారు. చందా రసీదు మీద మాత్రం వాళ్ల పేరు లేదు, వాళ్ల కొడుకులకు లోపల చాప లేదు.

ఇక మన వైపు చూద్దాం. నారాయణగూడ చౌరస్తా నుంచి బర్కత్‌పుర మీదుగా నడిస్తే లింగంపల్లి చౌరస్తా వస్తుంది. (చందానగర్ పక్కన రైలు ఆగే లింగంపల్లి కాదు. కొత్తగా పట్నం వచ్చిన తమ్ముళ్లు ఆ బస్సెక్కి పోకండి.) 1910లో ఇక్కడ ఒక బడి, ఇసామియా బజార్‌లో ఇంకో బడి మొదలయ్యాయి. మొదలుపెట్టింది మాదరి భాగయ్య, అంటే మన భాగ్యరెడ్డి వర్మ. అప్పటికి ఆయన వయసు 22. ఇప్పుడు లైబ్రరీలో మీ పక్క కుర్చీలో కూర్చున్నవాడి వయసు. ఒక బారిస్టర్ ఇంట్లో పనికి కుదిరి, అక్కడే చదువు పెంచుకున్న మనిషి. అంతకు నాలుగేళ్ల ముందే, 1906లో, జగన్ మిత్ర మండలి పెట్టాడు. ఆ మండలి భజనలు చేసేది, హరికథలు చెప్పించేది. మనం ఇప్పుడు భజన అంటే ముఖం తిప్పుకుంటాం. పగలంతా పనికి పోయి వచ్చిన తల్లిదండ్రులు రాత్రి ఏ మాట వింటారు? ఉపన్యాసం పెడితే నిద్రపోతారు. భజన పెడితే కూర్చుంటారు. కూర్చున్నవాళ్లకు బిడ్డను బడికి పంపమని చెప్పాడు.

నాకు భాగ్యరెడ్డి వర్మలో అన్నిటికన్నా ఎక్కువ నచ్చేది ఇది. ఆయన పిల్లవాణ్ణి ఇంటి నుంచి విడదీసి బడిలో వేయలేదు. బడిని తీసుకుపోయి ఇంటి మధ్యలో పెట్టాడు. తాగుడు మానమన్నది, ఆడపిల్లలను దేవుడి పేరు మీద విడిచిపెట్టే ఆచారం మీద పోరాడింది, కుటుంబ తగాదాలు తీర్చే కుల పంచాయతీలను చక్కబెట్టింది, అదంతా బడి పనే. తాగి వచ్చి పలక పగలగొట్టే తండ్రి ఉన్న ఇంట్లో బడి ఏం నిలుస్తుంది? 1930ల మొదటికి ఆ బడులు 26 అయ్యాయి, పిల్లలు 2,500 మంది. తర్వాత నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది.

అయితే ఒక సంగతి మనం ఎప్పుడూ గట్టిగా చెప్పుకోలేదు. అవన్నీ పగటి బడులు. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి వచ్చేవి. పట్నంలో ఇల్లున్న మాల మాదిగ పిల్లలకు అవి అందాయి. పాలమూరులోనో నల్లగొండలోనో వాడలో పుట్టిన పిల్లవాడికి అందలేదు. వాడికి కావలసింది బడి ఒక్కటే కాదు, బడి పక్కన ఒక చాప, ఒక పూట బువ్వ. రెడ్డి పిల్లవాడికి 1918లోనే దొరికింది అదే. తమ్ముడు అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడుంది. మనవాళ్లకు ఆలోచన లేక కాదు. వాళ్లకన్నా ఎనిమిదేళ్ల ముందే బడి పెట్టారు. చందా ఇవ్వగలిగిన చేతులన్నీ వెట్టిలో ఉన్నాయి.

బోర్డింగు మాట మన ఇళ్లల్లో వేరే దారిలో వచ్చింది. మెదక్, దోర్నకల్ వైపు ముసలివాళ్లను అడిగి చూడండి. హాస్టల్ అనరు, "బోర్డింగుల సదివిండు" అంటారు. మిషన్ వాళ్ల బోర్డింగులు. వాటి మీద ఎవరెన్ని అన్నా, వాడ పిల్లవాడికి మంచం వేసి, పక్కన పుస్తకం పెట్టిన మొదటి ఇళ్లలో అవి ఉన్నాయి. దాని గురించి రాయాలంటే వేరే భాగమే కావాలి.

మళ్లీ పట్నానికి వద్దాం. బి.ఎస్. వెంకట్రావు పేరు విన్నవాళ్లు ఎంతమంది? ఆయన్ను హైదరాబాద్ అంబేడ్కర్ అనేవాళ్లు. లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి. అదే ఆయన మీద మచ్చగా చెప్తారు. నిజాం వైపు నిలబడవద్దని బాబాసాహెబ్ 1947లోనే చెప్పిన మాట నిజం, వెంకట్రావు ఆ మాట వినలేదన్నదీ నిజం. ఆ తప్పు తప్పే. కానీ ఆ కుర్చీలో కూర్చుని ఆయన దళితుల చదువు కోసం కోటి రూపాయల నిధి పెట్టించాడు. ఆ నాటి కోటి. సంస్థానం పోయింది, నిధి మిగిలింది. అంబేడ్కర్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1950లో ఔరంగాబాద్‌లో తెరిచిన కాలేజీకి, అదే తర్వాత మిలింద్ కాలేజీ అయింది, ఆ నిధి నుంచి అప్పు వెళ్లింది. ఔరంగాబాద్ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోదే. అక్కడ ఆ కాలేజీ, దాని హాస్టళ్లలో నుంచి మరాఠీ దళిత సాహిత్యంలో ఒక తరం వచ్చింది. మన చిక్కడపల్లి, నారాయణగూడల్లో అలాంటి ఇల్లు లేవలేదు. దీనికి ఒక్క ముక్కలో కారణం చెప్పమంటే నేను చెప్పలేను. పట్నంలో మనకు ఉద్యమం ఉంది, పేర్లున్నాయి, చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ ఉంది. ఊళ్ల నుంచి వచ్చే పిల్లల కోసం సొంత హాస్టల్ అన్న పని మాత్రం ప్రభుత్వానికి వదిలేశాం.

ప్రభుత్వం కట్టింది. మొదట ఊళ్లల్లో ‘హరిజన హాస్టల్’ అన్నారు, తర్వాత సాంఘిక సంక్షేమ వసతి గృహం అయింది. నేను ఆ ఇంటి బిడ్డనే, కాదనను. అది లేకపోతే ఈ డాక్టరేట్ లేదు. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి ఒకరు సాంఘిక సంక్షేమ శాఖలో కూర్చుంటే హాస్టల్ పిల్లవాడి కంచంలోకి ఏం వస్తుందో చూసిన తరం మనకు ముందుంది. మేము వచ్చేసరికి ఆయన పోయాడు, కంచం మిగిలింది.

నేను ఆరో తరగతిలో చేరిన హాస్టల్ ఒక చిన్న టౌన్‌లో ఉండేది. పేరెందుకులెండి. రేకు ట్రంకు పెట్టె, దానికి చిన్న తాళం, తాళంచెవి మొలతాడుకు. ఆదివారం అమ్మ వచ్చేది. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని సద్ది విప్పేది. నేను తింటుంటే చూసేది. ఒకసారి తల్లిదండ్రులను మీటింగుకు పిలిచారు. పెద్దసారు ఎవరో వచ్చారు. ఏమన్నా ఇబ్బందులుంటే చెప్పండి అన్నారు. ఎవరూ లేవలేదు. మా అమ్మ లేచింది. "పప్పుల పప్పే లేదంట గద సారూ, మా పోరడు చెప్పిండు" అంది. అందరూ నవ్వారు. పెద్దసారు కూడా నవ్వి, చూడండి అని వార్డెన్‌కు చెప్పాడు.

తర్వాతి నాలుగు రోజులు పప్పు చిక్కగా వచ్చింది. అయిదో రోజు వార్డెన్ నన్ను గదిలోకి పిలిచాడు. కొట్టలేదు. "మీ అమ్మకు నోరు ఎక్కువ" అన్నాడు, అంతే. ఆ తర్వాత నెల రోజులు వరుసలో చివర నిలబడ్డాను. ఆ ఆదివారం అమ్మ వచ్చినప్పుడు, ఇక రాకమ్మా, పరీక్షలున్నాయని చెప్పాను. పరీక్షలు లేవు. ఆమెకు తెలుసు. "మంచిగ తినుబిడ్డ" అని గిన్నె సర్దుకుని పోయింది.

ఇన్నేళ్ల తర్వాత రెడ్డి హాస్టల్ చరిత్ర చదువుతుంటే నాకు తేడా కనిపించింది. అది భవనాల తేడా కాదు. చందా ఇచ్చిన తండ్రిని గేటు దగ్గర ఎవడాపుతాడు? అక్కడ వార్డెన్ తండ్రులకు జవాబు చెప్పుకోవాలి. మా దగ్గర తల్లి వార్డెన్‌కు జవాబు చెప్పుకోవాలి. పన్నులు కట్టింది మా అమ్మ కూడా. కిరసనాయిలు మీద, అగ్గిపెట్టె మీద కట్టింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు. హాస్టల్‌ను దయగా చూడటం మా అందరికీ నేర్పారు.

గురుకులాల గురించి కూడా చెప్పాలి, లేకపోతే మా స్వేరో మిత్రులు ఊరుకోరు. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం వచ్చింది. అది అందరికీ ఉద్దేశించింది. దళిత పిల్లల గురుకులాలు ఎనభైలలో వేరుగా నిలదొక్కుకున్నాయి. తెలంగాణ వచ్చాక సాంఘిక సంక్షేమ గురుకులాలు 134 నుంచి డిగ్రీ కాలేజీలతో కలిపి 268 అయ్యాయి. 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కిన ఇద్దరు గురుకుల పిల్లల్లో సాధనపల్లి ఆనంద్ ఖమ్మం వైపు దళిత కుర్రాడు. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ రాజకీయాలతో మీకు పేచీ ఉండొచ్చు, నాకూ కొన్ని ఉన్నాయి. కానీ గురుకులంలో చదివి బయటికొచ్చినవాళ్లు తమ బడికి మళ్లీ రావాలి, చిన్నవాళ్లకు చెప్పాలి అన్న ఆలోచన మన హాస్టళ్లకు అంతకు ముందు ఇంత గట్టిగా లేదు. అది రెడ్డి హాస్టల్ పాత విద్యార్థులు ఎప్పటినుంచో చేసుకుంటున్న పనే.

2024 చివర్లో డైట్ ఛార్జీలు 40 శాతం పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి పిల్లవాడికి నెలకు 950 ఉన్నది 1,330 అయింది. ముప్పై రోజులకు భాగించండి. రోజుకు 44 రూపాయలు. అందులో మూడు పూటల తిండి. పెంచిన రోజున మంత్రులు గురుకులాలకు పోయి పిల్లల పక్కన కూర్చుని తిన్నారు, తల్లిదండ్రులను కూడా పిలిచారు. మంచిదే. మిగతా 364 రోజులు వంటగదిలోకి తొంగి చూసే హక్కు ఆ తల్లికి ఉందా అన్నదే నా ప్రశ్న. కలుషిత భోజనం తిని పిల్లలు ఆస్పత్రి పాలైన వార్త వచ్చిన ప్రతిసారీ ఫోటోలో గేటు కనిపిస్తుంది. గేటు బయట ఎవరున్నారో మీరే చూడండి.

ఇప్పుడు అశోక్ నగర్. హాస్టల్ వయసు దాటిన మన పిల్లలు వచ్చి పడేది ఇక్కడికే. దీనికి బోర్డు లేదు, వార్డెన్ లేడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి దాకా ప్రతి సందులో బాయ్స్ హాస్టల్ బోర్డు, కోచింగ్ బోర్డు, జిరాక్స్ షాపు. పొద్దున లైబ్రరీ తలుపు తీయకముందే వరుస. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం దగ్గర ఇంకో వరుస. టు-లెట్ బోర్డు చూసి మెట్లెక్కితే అడిగే ప్రశ్నలు మీకు కొత్త కాదు. ఊరు ఏది, ఇంటిపేరు ఏంటి, మాంసం వండుతారా. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక ఇంట్లో రెండో ప్రశ్నకే దిగి వచ్చేశాను. మూడో ప్రశ్న దాకా ఆగాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ పెద్ద హాస్టల్‌ను నడిపేది ఎవరు? నెల నెలా ఫోన్‌పే చేసే అమ్మానాయినలు. బర్రె అమ్మిన డబ్బు, డ్వాక్రా అప్పు, మేస్త్రీ పని కూలి, మిర్చి ఏరిన కూలి. ప్రతి నోటిఫికేషన్ వాయిదాకూ ఒక ఇంట్లో ఒక అప్పు తిరగరాస్తారు. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ ముందు జీవో 29 మీద ఇక్కడి పిల్లలు రోడ్డెక్కినప్పుడు టీవీలు కోచింగ్ సెంటర్లను అడిగాయి, నాయకులను అడిగాయి. ఆ పిల్లల వెనక ఉన్న ఇళ్లను అడగలేదు. రిజర్వేషన్ లెక్క మారితే ఎవరి బర్రె ఊరికే పోయిందో ఆ ఇళ్లకు తెలుసు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు నా దగ్గర ఉన్నది ఇంత. మనకు రెడ్డి హాస్టల్ లాంటిది ఎందుకు లేదంటే, మొదటి చందా మన దగ్గర నుంచే తీసుకున్నారు కాబట్టి. తర్వాత కోటి రూపాయలు దొరికినప్పుడు కూడా ఈ మూడు పేటల్లో మనం గోడ లేపలేదు కాబట్టి. ఆ తర్వాత ప్రభుత్వం ఇల్లు ఇస్తే దానికి మనవాళ్లే యజమానులని మన తల్లిదండ్రులకు మనమే చెప్పలేదు కాబట్టి. మూడోది నా తప్పు కూడా.

ఒక పని మొదలుపెట్టాం. లింగంపల్లి, ఇసామియా బజార్ ఆది హిందూ బడుల్లో చదివిన తాతల పేర్లు పోగు చేస్తున్నాం. మీ ఇంట్లో పాత సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో, పలక మీద అక్షరాలు దిద్దించిన పంతులు పేరు, ఏదున్నా సరే పంపండి. 2,500 మందిలో ఇప్పటికి పదకొండు పేర్లు దొరికాయి. రెండోది చిన్న పని. అశోక్ నగర్, చిక్కడపల్లి, దోమలగూడ వైపు మనవాళ్ల సొంత ఇళ్లు ఉన్నవాళ్లు, ఊరి నుంచి వచ్చిన తల్లికో తండ్రికో ఒక రాత్రి చాప వేయగలిగినవాళ్లు నాకు చెప్పండి. ఇప్పటికి మా ఇల్లు ఒకటి, ఇంకో లెక్చరర్ ఇల్లు ఒకటి.

ఆ తమ్ముడికి నిన్న ఫోన్ చేశాను. వాళ్ల నాయిన వచ్చే నెల మళ్లీ వస్తాడట. "సార్, ఆయనకు మీ ఇంటికి వచ్చుడంటే మొగమాటం" అన్నాడు. నేను స్టేషన్‌కే పోతానని చెప్పాను. ఏ రైలుకు వస్తున్నాడో కనుక్కోమన్నాను.